రెండు ఒడ్ల మధ్య సామాను: జావాస్క్రిప్ట్ ఎగుమతి దిగుమతుల తారీఖ్

ఎగుమతి, దిగుమతి అంటే ఏమిటో భీమునిపట్నం వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. గోస్తని నది సముద్రంలో కలిసే ఈ ఊళ్లో 17వ శతాబ్దంలోనే డచ్చివాళ్లు కోఠీ పెట్టారు. 1825లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లిపోయారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఊళ్లో ఉన్నాయి. 1933లో విశాఖ హార్బరు తెరిచేదాకా పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకునే నిలబడేవి. లంగరు కూడా ఫార్సీ మాటే సుమా. సామానంతా పడవల్లోకి దించి, అలల మీదుగా ఒడ్డుకు చేర్చాలి. కోరమండల్ తీరంలో ఆ పనికి మసూలా పడవలు ఉండేవి. వాటి పలకలను మేకులతో బిగించేవారు కాదు, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు పడవ విరిగిపోకుండా కాస్త వంగేది. ఓడ ఒడ్డుకు రాలేదు, ఒడ్డు మీది బండి ఓడ దగ్గరకు పోలేదు. ఆ మధ్య సఫర్ అంతా ఈ కుట్టుపడవదే.

ఇవాళ నేను చెప్పే సామాను గోనె సంచుల్లోది కాదు. కోడ్. దానికీ రెండు ఒడ్లున్నాయి. ఒకటి సర్వర్, రెండోది మన చేతిలోని ఫోన్‌లో ఉండే బ్రౌజర్. ఒకే జబాన్‌లో, అంటే జావాస్క్రిప్ట్‌లో రాసిన కోడ్ ఒక ఒడ్డున హాయిగా నడుస్తుంది, రెండో ఒడ్డున దిగగానే తకరారు పెడుతుంది. ఇదేదో ఇంజినీర్ల గొడవ, మనకెందుకు అనుకోకండి దోస్తులారా. విశాఖ నుంచి భీమిలికి వచ్చే బీచ్ రోడ్డులో, రుషికొండ గుట్టల మీద ఐటీ ఆఫీసులు ఎప్పుడో లేచాయి. మన ఖాందాన్లలో ఇంటికొకరు ఈ కోడ్ నేర్చుకుంటున్నారు, లేదా నేర్చుకోవాలని చూస్తున్నారు.

మా ఆపా కూతురు వాళ్లలో ఒకతె. పదో తరగతిదాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత డిగ్రీ. ఇంటర్వ్యూ కోసం ఒక చిన్న ప్రాజెక్టు చేస్తూ రెండు రాత్రులు నిద్ర మానేసింది. తెరమీద ఒకటే ఎర్ర వాక్యం: "కెనాట్ యూజ్ ఇంపోర్ట్ స్టేట్‌మెంట్ అవుట్‌సైడ్ ఎ మాడ్యూల్." ఇంపోర్ట్ తీసేసి రిక్వైర్ పెడితే, బ్రౌజర్‌లో ఇంకో వాక్యం: "రిక్వైర్ ఈజ్ నాట్ డిఫైన్డ్." 

"మామూ, ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇవి రావేమో. నా దిమాగే ఇంతేమో" అంది.

"అరె బేటీ, ఇవి రానివాళ్లు ప్రపంచంలో ఎవరూ లేరు" అన్నాను. ఆ మాట ధైర్యం కోసం చెప్పింది కాదు. ఆ రెండు వాక్యాల వెనక ముప్పై ఏళ్ల తారీఖ్ ఉంది. మన తెలుగులో తారీఖు అంటే తేదీ మాత్రమే అయిపోయింది గానీ, ఉర్దూలో చరిత్రకూ అదే పేరు. తేదీలతోనే చెబుతాను.

1995 మే నెల. అమెరికాలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఆయన పది రోజుల్లో ఒక భాష తొలి రూపం తయారుచేశాడు. మొదట మోకా అన్నారు, తర్వాత లైవ్‌స్క్రిప్ట్, ఆ డిసెంబరుకు జావాస్క్రిప్ట్. వెబ్ పేజీలో చిన్నచిన్న పనులు చేయడానికి పుట్టిన భాష ఇది. ఫారంలో పేరు రాయడం మరిచిపోతే గుర్తుచేయాలి, బొమ్మ మీద వేలు పెడితే రంగు మారాలి, అంతే. ఇలాంటి పనికి ఒక ఫైలు ఇంకో ఫైలును పిలిచే తరీఖా ఎందుకని ఎవరూ అనుకోలేదు. కాబట్టి భాషలో ఎగుమతీ లేదు, దిగుమతీ లేదు. తమాషా ఏమిటంటే, నెట్‌స్కేప్ వాళ్లు మొదట్లోనే లైవ్‌వైర్ పేరుతో ఇదే భాషను సర్వర్‌లో కూడా నడిపారు. అంటే రెండు ఒడ్లూ పుట్టుకతోనే ఉన్నాయి. పడవ గురించే ఎవరూ ఆలోచించలేదు.

ఆ జమానాలో పేజీలో ఒకదాని కింద ఒకటి స్క్రిప్ట్ ట్యాగులు పెట్టేవారు. అన్ని ఫైళ్లలోని పేర్లూ ఒకే ఉమ్మడి ఆంగణంలో పడేవి. ఉమ్మడి కుటుంబంలో ఇద్దరు బషీర్‌లు ఉంటే ఒకరిని పిలిస్తే ఇంకొకరు పలికినట్టు, ఒక ఫైలులోని పేరు మీద ఇంకో ఫైలు పేరు వచ్చి కూర్చునేది. 2006లో జాన్ రెసిగ్ తెచ్చిన జేక్వెరీ, అంతకు ఏడాది ముందు వచ్చిన ప్రోటోటైప్, రెండూ ఒకే డాలర్ గుర్తును వాడుకున్నాయి. ఒకే పేజీలో రెండూ ఉంటే జగడమే. ఆ జగడం తీర్చడానికి జేక్వెరీలో నోకాన్‌ఫ్లిక్ట్ అని ప్రత్యేకంగా ఒక ఏర్పాటు పెట్టాల్సి వచ్చింది. ఇంకొందరు ఫైలంతటినీ ఒక ఫంక్షన్‌లో చుట్టి, అక్కడికక్కడే నడిపించి, లోపలి పేర్లు బయటికి పొక్కకుండా పర్దా వేశారు. యాహూలో పనిచేసిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్ వంటివాళ్లు ఈ పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. 

ఇక్కడ మన తెలుగువాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు అక్షరాలు వచ్చే లేఖిని గుర్తుందా? తొలినాళ్ల తెలుగు బ్లాగుల్లో చాలా భాగం దాని మీదే రాసినవి. వీవెన్ దాన్ని 2006లో తెచ్చారు. దాని లోపలి ఇంజన్ నాగార్జున వెన్నా రాసిన పద్మ నుంచి వచ్చింది. పద్మ అసలు ఫైర్‌ఫాక్స్‌కు తగిలించుకునే ఎక్స్‌టెన్షన్. అప్పట్లో తెలుగు పత్రికలు తలా ఒక సొంత ఫాంటు వాడేవి, వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడం దాని పని. ఎక్స్‌టెన్షన్‌లో నడిచే కోడ్‌కు ఉన్న ఇజాజత్‌లు వేరు, మామూలు వెబ్ పేజీలో నడిచే కోడ్‌కు ఉన్నవి వేరు. ఒక చోట పుట్టిన కోడ్‌ను ఇంకో చోట నడిపించాలంటే, ఆ ఏడాది భాషలో ఇంపోర్ట్ అనే సౌకర్యమే లేదు. ఫైళ్లను నకలు చేసుకోవాలి, ఏది ముందు ఏది వెనక అని వరస చూసుకుని పేజీలో పెట్టుకోవాలి. వరస తప్పితే అంతా ఆగిపోతుంది. మన జబాన్ ఇంటర్నెట్‌లోకి వచ్చింది ఆ కష్టం మీదే. ఆ తర్వాత వికీపీడియాలో టైపింగ్ కోసం జేక్వెరీ ఐఎంఈ వచ్చింది. అందులో ప్రతి భాషకూ విడి నియమాల ఫైలు, తెలుగు ఎంచుకున్నవాళ్లకే తెలుగు ఫైలు వచ్చేలా చేశారు. కావలసింది కావలసినప్పుడే దించుకోవడం అన్న హునర్ అది. కానీ ఆ నియమాల ఫైళ్లు కూడా పైన చెప్పిన పర్దా ఫంక్షన్‌లో చుట్టినవే, ఎందుకంటే వేరే దారి అప్పటికీ అందుబాటులో లేదు.

భాష పెద్దలు ప్రయత్నించలేదని కాదు. నాలుగో ఎడిషన్‌లో ప్యాకేజీలు అని ఒక పద్ధతి ఆలోచించారు. ఏళ్ల తరబడి వాదులాడుకుని 2008లో ఆ ఎడిషన్ మొత్తాన్నే పక్కన పెట్టేశారు. ఆ ఏడాదే సెప్టెంబరులో గూగుల్ క్రోమ్ వచ్చింది, దాంతోపాటు వీ8 అనే వేగమైన ఇంజన్ వచ్చింది. భాషకు దారి వేయాల్సిన పెద్దలు ఆగిపోయిన చోట గుర్రం మాత్రం తయారై నిలబడింది.

2009 జనవరిలో మొజిల్లాలో పనిచేసే కెవిన్ డాంగూర్, సర్వర్ మీద జావాస్క్రిప్ట్‌కు ఏమేం కావాలో ఒక ఫిరియాదులాగా రాశాడు. వారం తిరిగేసరికి జనం పోగయ్యారు. మొదట సర్వర్‌జేఎస్ అన్నారు, ఆగస్టులో కామన్‌జేఎస్ అని పేరు మార్చారు. రిక్వైర్ అని అడగడం, ఎక్స్‌పోర్ట్స్‌లో పెట్టి ఇవ్వడం, అదీ వాళ్ల దస్తూరు. అదే ఏడాది రయన్ డాల్ నోడ్ తయారుచేసి, నవంబరులో బెర్లిన్ సభలో చూపించాడు. నోడ్ ఆ దస్తూరునే తీసుకుంది. 2010లో ఐజాక్ ష్లూటర్ ఎన్‌పీఎం పెట్టాడు. అది ఒక గోదాం, ప్రపంచంలో ఎవరైనా సామాను పెట్టొచ్చు, ఎవరైనా తీసుకోవచ్చు.

అసలు మస్లా ఇక్కడే మొదలైంది, అందుకే కాస్త నిదానంగా చదవండి. రిక్వైర్ అన్నప్పుడు నోడ్ ఆ ఫైలు తెచ్చేదాకా అక్కడే ఆగి నిలబడుతుంది. సర్వర్‌లో ఫైలు పక్కనే, అదే డిస్కు మీద ఉంటుంది. వంటింట్లోంచి ఉప్పు తెమ్మన్నట్టు, క్షణంలో వస్తుంది. బ్రౌజర్‌లో ఫైలు ఎక్కడో సముద్రం అవతలి కంప్యూటర్‌లో ఉంటుంది. ఉప్పు కోసం ఓడ పంపించి, అది తిరిగొచ్చేదాకా పొయ్యి దగ్గర కదలకుండా నిలబడితే ఇంట్లో ఎవరికీ ఖానా ఉండదు, పేజీ అంతా బిగుసుకుపోతుంది. అందుకని బ్రౌజర్ పక్షం వాళ్లు విడిపోయి ఏఎండీ అనే వేరే దస్తూరు పెట్టుకున్నారు. జేమ్స్ బర్క్ రాసిన రిక్వైర్‌జేఎస్ దానికి పేరు తెచ్చింది. ఏమేం కావాలో ముందే జాబితా ఇస్తావు, అన్నీ వచ్చాక నీ పని మొదలవుతుంది. రెండు పక్షాల దలీల్‌లోనూ నిజం ఉంది. ఒకరు డిస్కును చూసి మాట్లాడారు, ఇంకొకరు దూరాన్ని చూసి మాట్లాడారు. 

మధ్యలో నలిగింది లైబ్రరీలు రాసేవాళ్లు. రెండు ఒడ్లలోనూ తమ కోడ్ నడవాలని ఫైలు పైన ఒక పెద్ద తొడుగు తగిలించారు. "ఇక్కడ డిఫైన్ ఉందా? అయితే అలా. ఎక్స్‌పోర్ట్స్ ఉందా? అయితే ఇలా. ఏదీ లేదా? ఉమ్మడి ఆంగణంలో పేరు పెట్టేయ్." దానికి యూఎండీ అని పేరు. మన మాటలు తెలుగులోకి వచ్చినప్పుడు కూడా ఇలాంటి తొడుగే వేసుకున్నాయి. కాగజ్ తెలుగింటికి వచ్చి కాగితం అయింది. సున్నా తగిలించుకోకపోతే కాగితానికి, కాగితంతో, కాగితాలు అనడం కుదరదు కదా. సరుకు అదే, ఇంటి వ్యాకరణానికి తగ్గ తొడుగు మాత్రం వేరు.

ఆ తర్వాత మసూలా పడవలు వచ్చాయి. 2011 ప్రాంతంలో జేమ్స్ హాలిడే బ్రౌజరిఫై తెచ్చాడు, 2012లో టోబియాస్ కోపర్స్ వెబ్‌ప్యాక్ మొదలుపెట్టాడు. వీటిని బండ్లర్లు అంటారు. నోడ్ పద్ధతిలో రాసిన వందల ఫైళ్లను ముందే వెతికి పట్టుకుని, ఒకే మూటగా కుట్టి బ్రౌజర్‌కు పంపుతాయి. సర్వర్‌కు మాత్రమే ఉన్న కొన్ని వస్తువులకు నకిలీలు కూడా జతచేసేవి. వెబ్‌ప్యాక్ 2020లో ఐదో వెర్షన్‌తో ఆ నకిలీలు ఇవ్వడం మానేసింది. ఒక్కరోజులో ఎన్నో ప్రాజెక్టుల్లో "బఫర్ ఈజ్ నాట్ డిఫైన్డ్" అని కేకలు వినిపించాయి. పడవవాడు ఇన్నేళ్లు చేతిసాయం చేస్తున్నాడని, అతను మానేశాకే కొందరికి తెలిసింది.

2015 జూన్‌లో భాష పెద్దలు ఎట్టకేలకు ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ అనే మాటలను దస్తావేజులో ఎక్కించారు. ఇరవై ఏళ్ల ఇంతెజార్. కానీ ఫైలును ఎక్కడి నుంచి, ఎలా తెచ్చుకోవాలన్న భాగాన్ని అందులోంచి తీసి బయట పెట్టారు, బ్రౌజర్లు తమ లెక్కన, నోడ్ తన లెక్కన చూసుకోమని. నా ఉద్దేశంలో నేటి తకరార్లలో సగం ఆ ఖాళీ జాగాలో పుట్టినవే. వ్యాకరణం వచ్చిన రోజు దారి రాలేదు. సఫారీ 2017 మార్చిలో, క్రోమ్ అదే ఏడాది సెప్టెంబరులో, ఫైర్‌ఫాక్స్ 2018 మేలో దీన్ని పూర్తిగా తీసుకున్నాయి. ఈలోగా జనం ఊరుకున్నారా? బేబెల్ అనే తర్జుమా పనిముట్టు ఇంపోర్ట్ అని రాసినదాన్ని లోలోపల రిక్వైర్‌గా మార్చి ఇచ్చేది. చూడ్డానికి కొత్త లిబాస్, లోపల పాత మనిషి. ఒక తరం పిల్లలు ఇంపోర్ట్ ఎప్పుడో పనిచేస్తోందనే అనుకున్నారు. తర్జుమా తీసేసి అసలు నోడ్‌లో నడిపిన రోజు మా భాంజీ చూసిన ఎర్ర వాక్యమే చూశారు.

ఆ మధ్యలోనే, 2016 మార్చి 22న గోదాంలో ఒక హాదసా జరిగింది. అజెర్ కోచులు అనే ప్రోగ్రామర్ తన ప్యాకేజీ పేరు విషయంలో ఎన్‌పీఎంతో గొడవపడి తన సామానంతా వెనక్కి తీసుకున్నాడు. అందులో లెఫ్ట్‌ప్యాడ్ అని పదకొండు వరసల కోడ్ ఒకటి. మాటకు ఎడమవైపు ఖాళీలు నింపడమే దాని పని. బేబెల్ లాంటి పెద్ద పనిముట్లు ఒకరి మీద ఒకరు ఆధారపడి చివరికి దాని మీద నిలబడి ఉన్నాయి. ప్రపంచమంతటా బిల్డ్‌లు ఆగిపోయాయి. ఎన్‌పీఎం వాళ్లు ఆ ఫైలును తిరిగి తెచ్చిపెట్టి, ఇక మీదట సామాను వెనక్కి తీసుకోవడానికి కట్టుదిట్టాలు పెట్టారు. దిగుమతి అంటే నమ్మకం కూడానని ఆరోజు చాలామందికి తట్టింది. పైసా తీసుకోకుండా రాసిపెట్టిన మనిషి మీద ఎంత బరువు పెట్టామో కూడా తట్టి ఉండాలి, ఆ మాట మాత్రం తక్కువమందే అన్నారు.

నోడ్ సంగతికి వద్దాం. దాని ఇబ్బంది దానిది. గోదాం నిండా రిక్వైర్ పద్ధతి సామానే. కొత్త పద్ధతి ఫైలు ఏది, పాతది ఏది అని చూడగానే తేల్చుకునే ఉపాయం అప్పట్లో లేదు. 2017లో ప్రయోగంగా, ఫైలు పేరు చివర ఎంజేఎస్ అని ఉంటే కొత్తదని లెక్క పెట్టారు. ఆ పేరు చాలామందికి పసంద్ కాలేదు. తర్వాత ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైలులో టైప్ ఎదురుగా మాడ్యూల్ అని రాస్తే ఆ ప్యాకేజీలోని ఫైళ్లన్నీ కొత్త పద్ధతివేనని ఒప్పుకున్నారు. 2019 నవంబరులో ప్రత్యేక జెండా లేకుండానే ఇది నడవసాగింది. మా భాంజీకి కావలసింది ఆ ఒక్క వరసే. అది పెట్టగానే ఇంపోర్ట్ పనిచేసింది, వెంటనే డర్‌నేమ్ లేదని ఇంకో ఫిరియాదు వచ్చింది. పాత పద్ధతిలో నోడ్ ప్రతి ఫైలునూ ఒక ఫంక్షన్‌లో చుట్టి రిక్వైర్, మాడ్యూల్, డర్‌నేమ్ వంటివి చేతికిచ్చేది. కొత్త పద్ధతిలో ఆ చుట్టడం లేదు, కాబట్టి అవీ లేవు. బదులుగా ఇంపోర్ట్ మెటా అనేదాన్ని అడగాలి.

బ్రౌజర్ ఒడ్డున ఆమెకు ఎదురైనవి వేరు. స్క్రిప్ట్ ట్యాగులో టైప్ మాడ్యూల్ అని రాయకపోతే ఇంపోర్ట్ చెల్లదు. రాశాక ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరిస్తే కూడా చెల్లదు, భద్రత కారణంగా చిన్నదైనా సరే ఒక సర్వర్ ద్వారా రావాలి. ఇంకా ముఖ్యమైనది, నోడ్‌లో ఉత్త పేరు చెబితే చాలు, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరులో వెతుక్కుంటుంది. బ్రౌజర్‌కు ఆ ఫోల్డరు సంగతే తెలియదు. దానికి పూర్తి పతా కావాలి, లేదా చుక్కా గీతతో మొదలయ్యే దారి కావాలి. పేరుకూ పతాకూ లంకె రాసిపెట్టే ఇంపోర్ట్ మ్యాప్‌లు క్రోమ్‌లో 2021లో, ఫైర్‌ఫాక్స్‌లో 2022 చివర, సఫారీలో 2023లో వచ్చాయి. పోస్ట్‌మ్యాన్ ఊళ్లో అందరినీ పేరుతో ఎరిగినవాడైతే పేరు చాలు, కొత్తవాడికి డోర్ నంబరు రాయాలి.

ఇవన్నీ సర్దుకున్నా ఒక తేడా మిగిలే ఉంటుంది. బ్రౌజర్‌లో విండో, డాక్యుమెంట్ ఉంటాయి, డిస్కు మీది ఫైళ్లు తెరిచే హక్కు అలా ఉండదు. సర్వర్‌లో డిస్కు ఉంటుంది, విండో ఉండదు. ఒకే పేజీని మొదట సర్వర్‌లో తయారుచేసి, తర్వాత బ్రౌజర్‌లో ప్రాణం పోసే నెక్స్ట్ వంటి ఫ్రేమ్‌వర్కులలో "విండో ఈజ్ నాట్ డిఫైన్డ్" అని వస్తే, బ్రౌజర్ కోడ్ ఓడ ఎక్కకముందే నడిచిందని అర్థం. దాన్ని బ్రౌజర్‌లోనే మొదలయ్యే చోటికి జరపడం సరైన ఇలాజ్. విండో ఉందా లేదా అని ప్రతి వరసలో అడిగేవాళ్లను చూశాను, అది జ్వరానికి తడిగుడ్డ వేయడమే.

2018లో బెర్లిన్‌లోనే రయన్ డాల్ మళ్లీ వేదికెక్కి, నోడ్ విషయంలో తనకు మిగిలిన పశ్చాత్తాపాలు వరసగా చెప్పాడు. ప్యాకేజ్ డాట్ జేసన్, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరు, ఫైలు పేరు చివరి అక్షరాలు లేకుండా రిక్వైర్ చేయనివ్వడం, అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. అక్కడే డెనో అనే కొత్తదాన్ని చూపించాడు. తన చేతులతో కట్టినదాని గురించి నిండు సభలో అలా చెప్పడానికి గుండె కావాలి. కానీ అప్పటికి ఆ కట్టడం లోపల ప్రపంచం కాపురం ఉంటోంది.

2021లో సిండ్రే సోర్హస్, వందలాది చిన్న ప్యాకేజీలు రాసిన మనిషి, తన సామానును కొత్త పద్ధతిలోకే మార్చేస్తానని మొదలుపెట్టాడు. తెరమీద అక్షరాలకు రంగులద్దే చాక్ ఐదో వెర్షన్ అలాంటిదే. పాత పద్ధతి ప్రాజెక్టుల్లో రిక్వైర్ చేస్తే అప్పట్లో ఎర్రర్ వచ్చేది. కొందరు ఆయన్ను తిట్టారు, కొందరు నాలుగో వెర్షన్ దగ్గరే ఆగిపోయారు. ఎవరో ఒకరు తోయకపోతే ఈ బండి కదిలేది కాదనేది నా రాయ్. ఇంకొందరు రెండు పద్ధతులూ ఒకే ప్యాకేజీలో పెట్టి, ఎక్స్‌పోర్ట్స్ పట్టీలో ఇంపోర్ట్ అని అడిగినవాడికి ఇది, రిక్వైర్ అని అడిగినవాడికి అది అని రాశారు. బాగానే ఉంది గానీ, ఒకే ప్రోగ్రాంలో రెండు దారులనూ వాడితే అదే వస్తువు రెండుసార్లు లోపలికి వస్తుంది. ఒక ఖాతాకు రెండు బహీలు పెట్టినట్టు, ఒకదాంట్లో జమ చేసింది రెండోదానికి తెలియదు.

నోడ్ ఈ రెండు పద్ధతులకూ సులహ్ కుదిర్చింది ఇటీవలే. జాయీ చెంగ్ చేసిన పనివల్ల 2024 ఏప్రిల్‌లో వచ్చిన నోడ్ 22లో రిక్వైర్‌తోనే కొత్త పద్ధతి ఫైలును తెచ్చుకునే వీలు ప్రయోగంగా వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో నోడ్ 23లోనూ, డిసెంబరులో నోడ్ 22.12లోనూ జెండా అవసరం లేకుండా అయింది. ఒక్కటే షరతు: ఆ ఫైలు పై అంతస్తులో ఎక్కడా అవెయిట్ అని ఉండకూడదు. ఎందుకంటే రిక్వైర్ నిలబడి ఎదురుచూసే మనిషి, అవెయిట్ "తర్వాత వస్తాను" అనే మనిషి. అప్పట్లో రెండు పక్షాలు విడిపోయింది కూడా ఈ మాట మీదే.

మీ ఇంట్లో ఎవరైనా పాత పుస్తకంలోనో పాత వీడియోలోనో చూసి రిక్వైర్‌తో నేర్చుకుంటుంటే మాన్పించకండి, అది ఇప్పటికీ నడుస్తుంది. కానీ ఎర్ర వాక్యం వచ్చినప్పుడు ముందు ఈ మూడు సవాళ్లు వేసుకోమనండి. ఈ ఫైలు ఏ ఒడ్డున నడుస్తోంది? దీన్ని నడిపేవాడు దీన్ని పాతదనుకుంటున్నాడా, కొత్తదనుకుంటున్నాడా? మధ్యలో మూట కట్టేవాడు ఎవరైనా ఉన్నాడా? మా భాంజీ ఈ మూడింటినీ కాగితం మీద ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు రాసి కంప్యూటర్ పక్కన అంటించుకుంది.